మూడో మెట్టు మీద ఆగిన బేరం

రాజమండ్రి మెయిన్ రోడ్డు నుంచి మా ఇంటికి రెండు దారులున్నాయి. దగ్గరి దారిలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది. చాలా ఏళ్ళు నేను దూరం దారినే ఇంటికి వెళ్ళాను. ఆ కొట్టాయనతో నాకు తగాదా ఏమీ లేదు. కొట్టు ముందు, చూరు నీడ పడే చోట, ఎవరో అమ్మిపెట్టమని వదిలి వెళ్ళిన పాత గిటార్ యాంప్లిఫయర్ ఒకటో రెండో ఎప్పుడూ ఉండేవి. ధర అడక్కుండా వాటి ముందు నుంచి నడిచి వెళ్ళడం నా వల్ల కాదు. అడిగితే ఆయన చెబుతాడు. చెబితే నేను తగ్గిస్తాను. తగ్గిన ధరకి ఆయన ఊఁ అంటే తీసుకోవాలి. అది మా ఇంటి నీతి. తను అడిగిన ధరకి అవతలివాడు ఒప్పుకున్నాక సరుకు వదిలి వెళ్ళేవాడు బేరగాడు కాదు, పోకిరీ.

మాది స్టీలు సామాన్ల కొట్టు. తాతగారు ఇత్తడి అమ్మారు, నాన్న స్టీలు అమ్మారు, నేనూ అదే అమ్ముతున్నాను. రోడ్డు మీంచి కొట్లోకి మూడు మెట్లు. గోదావరి వరదకి భయపడి తాతగారు అరుగు ఎత్తుగా కట్టించారు. వరద అక్కడి దాకా ఎప్పుడూ రాలేదు గానీ, మెట్లు బేరానికి పనికొచ్చాయి. ధర నచ్చక లేచిన మనిషి మొదటి మెట్టు దిగుతుంటే నాన్న తల ఎత్తేవారు కాదు. రెండో మెట్టు దిగితే గ్లాసులు సర్దేవారు. మూడో మెట్టు మీద కాలు పడగానే, "అమ్మా, ఒక్కమాటండి" అనేవారు. అంతకంటే ముందు పిలిస్తే ధరకి తక్కువ. రోడ్డెక్కాక పిలిస్తే కొట్టుకి తక్కువ. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆడవాళ్ళు మూడో మెట్టు మీద ఆగి చెప్పు సరిచేసుకునేవారు, చంకలో పిల్లని అటునుంచి ఇటు మార్చుకునేవారు, ఎండ ఎంతుందో నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి చూసేవారు. పిలుపు వచ్చేది. మళ్ళీ ఎక్కేవారు. నాకు అక్షరాల కంటే ముందు ఆ మెట్లు వచ్చాయి.

ఈ ఆటలోకి రాని మనిషి ఒకాయన ఉండేవారు. మిషన్ కాంపౌండులో ఉండే డ్రాయింగు మాస్టారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యి, చర్చిలో పాటలకి గిటార్ వాయించేవారు. క్రిస్మస్ ముందు చర్చి విందుకి గిన్నెలు, గరిటెలు కొనడానికి మా కొట్టుకి వచ్చేవారు. ఎంతండీ అని అడిగి, చెప్పినంత ఇచ్చి, గిన్నెని వెలుతురుకి పెట్టి దాని గుండ్రాన్ని మెచ్చుకుని వెళ్ళేవారు. గిన్నె గుండ్రాన్ని మెచ్చుకున్న ఖాతాదారు మా బజారు మొత్తంలో ఆయనొక్కరే. ఆయన మొదటి మెట్టు ఎక్కుతుండగానే నాన్న నా వైపు వంగి, "మాస్టారొస్తున్నారు, ధర సరిగ్గా చెప్పు" అనేవారు. సరిగ్గా అంటే ఆఖరి ధరే మొదట చెప్పమని. మిగతా అందరికీ చెప్పేది సరైంది కాదని ఆ మాటతో తనే ఒప్పుకుంటున్నట్టు నాన్నకి ఎప్పుడూ తట్టలేదు.

డిగ్రీ పరీక్షలు రాసేసి కొట్లో కూర్చున్న ఏడాది, తొంభైల మొదట్లో, ఒక సాయంత్రం సైకిలు మీద గుండిగ కట్టుకుని ఆయనింటికి దింపడానికి వెళ్ళాను. ముందు గదిలో ఒక మూల చిన్న యాంప్లిఫయర్ పెట్టె ఉంది. ముందర గోధుమరంగు గుడ్డ, పైన తోలు పిడి. చాలా ఏళ్ళ కిందట ఊరు విడిచి స్వదేశం వెళ్ళిపోతూ ఒక దొరగారు ఇచ్చి వెళ్ళారట. మాస్టారు గిటార్ ఒళ్ళో పెట్టుకుని పెట్టె స్విచ్ వేశారు. ఏమీ వినపడలేదు. పాడైపోయిందేమో అనుకున్నాను. వెనక చెక్క సందులో గాజు వాల్వులు మెల్లగా ఎర్రబడుతున్నాయి. "వేడెక్కాలి బాబూ" అని ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. నిమిషం పట్టింది. తరవాత ఒక్క తీగ మీటారు.

ఆ మోత ఎలా ఉందో మా కొట్టు భాషలోనే చెప్పగలను. కొత్త స్టీలు బిందె మీద వేలితో కొడితే ఖంగుమంటుంది, అంతే, అయిపోతుంది. పాత ఇత్తడి బిందె సగం నీళ్ళతో ఉన్నప్పుడు కొట్టండి. మోత కడుపులోంచి లేస్తుంది. ఆగిపోయాక కూడా చెయ్యి పెడితే ఇంకా ఉన్నట్టుంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఖంగుమనే సామాన్ల మధ్య పెరిగినవాణ్ణి. ఇలాంటిది ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. గుండిగ డబ్బులు తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వెళ్ళాను. మా వంశంలో అలాంటిది జరగడం అదే మొదలు.

తరవాత రెండేళ్ళు వారానికి మూడు సాయంత్రాలు ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేను బాగా వాయించేవాణ్ణని చెప్పను. పెట్టె బాగా పలికేది కాబట్టి నా తప్పులు కూడా మర్యాదగా వినపడేవి. దాని మీటల పక్కన మాస్టారు ఒక తెల్ల కాగితం టేపు అంటించి, డ్రాయింగు మాస్టారి అందమైన పెన్సిలు అక్షరాలతో మూడు చోట్ల గీతలు పెట్టి రాసుకున్నారు. ఆరాధన, పెళ్ళి, సాధన. నాకు ఎప్పుడూ సాధన దగ్గరే తిప్పి ఇచ్చేవారు. పెళ్ళి దగ్గర పెట్టి ఒక్కసారి వాయించాలని ఉండేది. అడగలేదు.

రెండో ఏడాది చివర చర్చికి కీబోర్డు వచ్చింది. అది ఒక్కటే వయొలిన్, గిటార్, డప్పు అన్నీ పలికేది. మాస్టారి వేళ్ళ కణుపులు కూడా వాచడం మొదలైంది. కాంపౌండులో ఇల్లు ఖాళీ చేసి నరసాపురంలో తమ్ముడింటి పక్కన ఒక గది తీసుకుంటున్నానని చెప్పారు. ఆ గదిలో మంచం వేస్తే కుర్చీకి చోటు లేదట. ఒక సాయంత్రం పాఠం అయ్యాక పెట్టె మీద చెయ్యి వేసి అడిగారు.

"ఇది నువ్వు తీసుకుంటావా బాబూ? నాలుగు వేలనుకుంటున్నాను."

ఆ మాట ఆయన ఎప్పుడంటారా అని నేను ఏడాదిగా డబ్బు కూడబెడుతున్నాను. అంతకంటే ఎక్కువే పోగైంది. అది ఆరు వేలన్నా చవకేనని రేడియో కొట్టాయన దగ్గర మాటల్లో పెట్టి కనుక్కుని ఉన్నాను కూడా. నోరు తెరిచాను.

"రెండున్నరకి చూసుకోండి మాస్టారూ."

ఎందుకన్నానంటే ఏం చెప్పను? దగ్గు వస్తే దగ్గినట్టు అన్నాను. ఎవరైనా నా ముందు ఒక అంకె చెప్పి నా జవాబు కోసం ఆగితే ఇంకో అంకె బయటికొస్తుంది. మాస్టారు పెట్టె మీంచి చెయ్యి తీశారు. "అంతకి రాదేమో బాబూ" అన్నారు. కోపం లేదు, నవ్వు లేదు. నేను లేచాను. లేవడం కూడా పాఠం ప్రకారమే.

ఆయన వరండాకీ మూడు మెట్లే. మొదటి మెట్టు దిగాను. రెండోది దిగాను. మూడో మెట్టు మీద ఆగి వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. అది సరిగ్గానే ఉంది. విప్పి మళ్ళీ పెట్టుకున్నాను. లోపల మాస్టారు గిటార్ వైరు చుట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చుట్టడం అయిపోయింది. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వచ్చింది. గేటు దాకా నడిచాను. గొళ్ళెం తీసి, వేసి, మళ్ళీ తీశాను. సైకిలు స్టాండు ఒక్క తన్నుతో లేచేదాన్ని మూడు తన్నులు తన్నాను.

పిలుపు రాలేదు.

ఇంటికి వెళ్ళాక కూడా నేను ఓడిపోయానని అనుకోలేదు. గట్టి బేరం అనుకున్నాను. నాలుగు రోజులు ఆగితే తనే కబురు పంపుతారు, మూడుకి తెగుతుంది. మూడంటే నేను వెంటనే ఒప్పుకోకూడదు, కాస్త మొహం చిట్లించాలి. మొహం ఎలా చిట్లించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. పెట్టె మా ఇంట్లో ఎక్కడ పెట్టాలో చోటు చూసి, ఆ మూల ఊడ్చాను.

ఐదు రోజులు గడిచాయి. ఆరో రోజు నాలుగు వేలూ జేబులో పెట్టుకుని వెళ్ళాను. పెట్టె ఉండే మూల ఖాళీగా ఉంది. ఎర్ర గచ్చు మీద అది ఉన్నంత మేరా నలుచదరంగా రంగు మాయకుండా మెరుస్తోంది. తుని నుంచి ఆర్కెస్ట్రా అతను ఒకడు వచ్చి తీసుకెళ్ళాడని మాస్టారు చెప్పారు. ధర మాట ఎత్తకముందే, ఒకసారి వాయించండి మాస్టారూ అని అడిగి, కింద గచ్చు మీద కూర్చుని విన్నాడట.

"నాకు అమ్ముతానన్నారు కదండీ" అన్నాను. నా గొంతు నాకే పిల్లాడి గొంతులా వినిపించింది.

"నీకు అక్కర్లేదేమో అనుకున్నాను బాబూ" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు. "కావలసిన వస్తువుని తగ్గించి అడుగుతారా ఎవరైనా? మొహమాటానికి వద్దనలేక అలా అన్నావనుకున్నాను."

ఎంతకిచ్చారని అడిగాను. ఆ క్షణంలో కూడా అడిగాను. నాలుగు వేలకే ఇచ్చారు.

నాన్నకి చెప్పినప్పుడు ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నారు. అంతా విని, "మాస్టారి దగ్గర బేరమాడావా?" అన్నారు. తల ఊపాను. "మనం ఎప్పుడైనా ఆయనకి రెండో ధర చెప్పామట్రా?" అన్నారు. తరవాత లేచి, కొట్లో ఎవరూ లేకపోయినా, చాలాసేపు గ్లాసులు సర్దారు.

ఆ తరవాతే నా కొనుగోళ్ళు మొదలయ్యాయి. అవి వాల్వు పెట్టెలు తమ చోటు కీబోర్డులకి వీలునామా రాసిన రోజులు. ప్రతి ఊళ్ళోనూ ఆర్కెస్ట్రాలు గిటార్ మనిషిని మానిపించి కీబోర్డు పెట్టుకుంటున్నాయి. పాత పెట్టెలు అడిగినవాడికి అడిగినంతకి దొరుకుతున్నాయి. రావులపాలెంలో అరటి మార్కెట్టు పక్కన మైక్‌సెట్టు కొట్లో ఒకటి కొన్నాను. గెలల లారీలో వేసుకుని తెచ్చాను. చెప్పిన ధరలో మూడో వంతుకి లాగానన్న గర్వం రాజమండ్రి వంతెన దాకా ఉంది. ఇంటికొచ్చి స్విచ్ వేస్తే లోపల ఎలుకలు స్పీకరు కాగితం తినేసి ఉన్నాయి. భీమవరంలో ఒకటి కొన్నాను. అది చెప్పులు లేకుండా ముట్టుకుంటే షాకు కొట్టేది. కోరుకొండ తీర్థం అయిపోయాక దుకాణం ఎత్తేస్తున్న మైక్‌సెట్టాయన దగ్గర ఇంకొకటి కొన్నాను. అది గిటార్ తగిలించకపోయినా తెల్లవారుజామునే తనంతట తను రేడియో పట్టుకుని వరికి తెగుళ్ళ మందుల సంగతి చెప్పేది. దేంట్లోనూ నీళ్ళున్న ఇత్తడి బిందె లేదు. ప్రతిసారీ తీగ మీటి, మోత ఆగిపోయాక స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి పెట్టి చూసేవాణ్ణి. గుడ్డ చల్లగా ఉండేది.

ఈలోగా పెళ్ళయింది. మా ఆవిడది పాలకొల్లు, కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. బేరంలో నాకు అమ్మమ్మ. పెట్టెల్ని చూసి మొదట్లో ఒకదాని మీద ఆవకాయ జాడీలు పెట్టింది, ఒకదాని మీద ఇస్త్రీ చేసేది, రావులపాలెం దాని మీద టీవీ ఎక్కింది. ఏడో పెట్టె రిక్షాలో దిగిన రోజున మాత్రం గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఇన్ని కొన్నారు కదండీ, ఒక్కదాన్నైనా ముందు వాయించి చూసి కొన్నారా?"

ధర తేలాక కదా వాయించేది అని అనబోయాను. రిక్షా అతనికి డబ్బులిచ్చి పెట్టె లోపల పెట్టి, ఆ సాయంత్రం మాస్టారి సంగతి, మెట్ల సంగతి, చెప్పు పట్టీ సంగతి మొదటిసారి ఆవిడకి చెప్పాను. చెప్పు పట్టీ దగ్గర ఆవిడ నవ్వింది. వాళ్ళ పాలకొల్లు కొట్టుకి మెట్లు లేవట, కొనేవాళ్ళు వీధి కరెంటు స్తంభం చేరేదాకా ఆగి పిలుస్తారట. తరవాత నవ్వు ఆపి ఒక పద్ధతి పెట్టింది. ఇకనుంచి ముందు వాయించాలి. నచ్చితే వాళ్ళు చెప్పినంతా ఇవ్వాలి. తగ్గించి అడగకూడదు. అంత ఇవ్వబుద్ధి కాకపోతే అది నాకు కావలసింది కాదన్నట్టే.

ఏడు పెట్టెల్నీ రేడియో కొట్టాయనకే ఇచ్చేశాం. ఆయన బేరమాడలేదు, జాలిపడ్డాడు. ఆ పద్ధతి ప్రకారం ఆ తరవాత ఏళ్ళ తరబడి మా ఇంట్లోకి ఒక్క పెట్టె రాలేదు. చవక అన్న మాట తీసేసి చూస్తే వాటిల్లో నాకు కావలసింది ఏమీ మిగల్లేదు. కానీ తెలియడం వేరు, కాళ్ళు వేరు. కొట్టు కట్టేశాక కాళ్ళు దగ్గరి దారికే తిరిగేవి. వాటిని మళ్ళించి దూరం దారిన నడిపించేవాణ్ణి. ఇంటికొచ్చి గిటార్‌ని చెక్క బీరువాకి ఆనించి వాయించుకునేవాణ్ణి. చెక్కలోంచి కొంచెం మోత వచ్చేది. చెవి బీరువాకి ఆనిస్తే ఇంకొంచెం వచ్చేది. నరసాపురం నుంచి ప్రతి క్రిస్మస్‌కీ మాస్టారు స్వయంగా బొమ్మ గీసిన కార్డు వచ్చేది. పెట్టె గురించి ఆయన ఎప్పుడూ రాయలేదు. నేనూ రాయలేదు. ఒక ఏడాది కార్డు రాలేదు.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో రేడియో కొట్టాయన నుంచి నాకు ఫోనొచ్చింది. తునిలో ఒక ఆర్కెస్ట్రా సామానంతా అమ్మేస్తున్నారండి, అందులో పాత బాక్సు ఒకటుందట, ముందర గోధుమరంగు గుడ్డట, మీరు అప్పట్లో చెబుతుండేవారు కదా అన్నాడు. మర్నాడు కొట్టు మా ఆవిడకి అప్పగించి పాసింజరు ఎక్కాను. ఎంత చెప్పినా ఇస్తాను అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. పరీక్షకి వెళ్ళేవాడు సూత్రం మరిచిపోకుండా వల్లించుకున్నట్టు.

హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. స్టాండ్లు, వైర్ల చుట్టలు, రంగు వెలిసిన బ్యానర్లు. ఆర్కెస్ట్రా యజమాని మాస్టారి దగ్గర గచ్చు మీద కూర్చుని విన్న అతనే. ఇప్పుడు జుట్టు నెరిసింది. నేను మాస్టారి శిష్యుణ్ణని చెప్పగానే కుర్చీ తుడిచి వేశాడు. మూలనుంచి పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

అదే. గుడ్డ చిరిగి కుట్టి ఉంది, తోలు పిడి పోయి తాడు కట్టి ఉంది. మీటల పక్కన కాగితం టేపు అలాగే ఉంది. ఆరాధన కనిపిస్తోంది. సాధన కనిపిస్తోంది. మధ్యలో పెళ్ళి అన్న అక్షరాలు బొటనవేలు రాపిడికి పూర్తిగా చెరిగిపోయాయి. ఎన్ని పెళ్ళిళ్ళు వాయిస్తే అంత చెరుగుతాయో. నేను ఒక్కసారీ తిప్పని చోటు.

"ఒకసారి వాయించండి" అన్నాను.

అతను గిటార్ తగిలించి స్విచ్ వేశాడు. వేసీ వెయ్యగానే పెట్టె గుయ్‌మంది. నిమిషం ఆగక్కర్లేకపోయింది. అతను తీగ మీటక ముందే నాకు తెలిసిపోయింది. మీటాడు. ఖంగుమంది.

అతను నా మొహం చూసి గిటార్ పక్కన పెట్టేశాడు. వాల్వులు పోయాయండి, మద్రాసు దాకా తిరిగాను, దొరకలేదు, మర్నాడు పెళ్ళి ఒప్పుకుని ఉన్నాను, లోపలిదంతా తీయించి ట్రాన్సిస్టర్ల బోర్డు వేయించాను అని చెప్పాడు. చెప్పి, తప్పు చేసినవాడిలా, "ఎనిమిదేళ్ళు పలికిందండి" అన్నాడు. ఆ ఎనిమిదేళ్ళూ నేను మొదట ఎలుకలు కొట్టిన స్పీకర్లకి బేరాలాడుతూ, తరవాత బీరువాకి చెవి ఆనించుకుంటూ ఉన్నాను.

నేను అడక్కుండానే ధర చెప్పాడు. మాస్టారి మనుషులు కాబట్టి పదిహేను వందలివ్వండన్నాడు. పెట్టె చెక్క టేకు. ఒక్క చెక్కకే అంత వస్తుంది. టేపు మీద ఆ రెండు మాటలున్నాయి. నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. చెప్పినంతా ఇవ్వాలన్నది పద్ధతే. కానీ ముందు వాయించి చూడాలన్నది కూడా పద్ధతే. లేచాను. ఉంచండి, వస్తానండి అన్నాను.

షెడ్డుకి మెట్లు లేవు. మట్టి నేల తిన్నగా రోడ్డులో కలుస్తుంది. పది అడుగులు వేశానో లేదో వెనకనుంచి వచ్చింది.

"సార్, ఆగండి. పోనీ వెయ్యి ఇవ్వండి."

నడుస్తూనే ఉన్నాను.

"సార్, మీరే చెప్పండి. ఎంతిస్తారో మీరే చెప్పండి."

మీరే చెప్పండి అన్న మాట విని జవాబివ్వకుండా వెళ్ళినవాడు మా ఇంటా వంటా లేడు. నా కాలు ఆగింది. ఆ పెట్టె దగ్గర్నుంచి లేచి వెళ్తున్న నన్ను వెనక్కి పిలిచే గొంతు కోసం వరండా మెట్టు మీద వంగి ఎంతసేపు విన్నానో, ఆ తరవాత ఎన్నేళ్ళు విన్నానో. పిలిచారు. గొంతు వేరు. వంగి చెప్పు పట్టీ పట్టుకున్నాను. అది నిజంగానే వదులైంది. బిగించుకుని, తిరిగి చూడకుండా స్టేషను వైపు నడిచాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. మా ఆవిడ నా ఖాళీ చేతులు చూసింది.

"ఎంతన్నాడు?"

"వాయించి చూశాను" అన్నాను.

ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను గిటార్ తీసి, కుర్చీ బీరువా పక్కకి లాక్కుని, దాన్ని చెక్కకి ఆనించి కూర్చున్నాను. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాను. కాసేపటికి వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏంటండీ, వాయించరా?"

"వేడెక్కాలి" అన్నాను.